తాడు పట్టే బావమరిది

గుండ్లబండ పెంట, నల్లమల
17 జూన్ 2024, సోమవారం

మరదలు ఈదమ్మకు,

లింగమయ్య దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. గద్వాలలో నువ్వూ, తమ్ముడూ, పిల్ల సింధూజా బాగున్నారని తలుస్తాను. నీ ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. కానీ అడవి నడుమ గూడెం మన పెంట, ఇక్కడ సిగ్నల్ ఎప్పుడుంది కనుక? గుట్ట ఎక్కి అరిచి మాట్లాడితే నీకన్నా ముందు అడవి వాచర్ జంగయ్య వింటాడు. అందుకే ఉత్తరం. రేషన్ బండి మీద పోయి మన్ననూరు పోస్టులో వేస్తానని ఆ జంగయ్యే తీసుకుపోతున్నాడు. గట్టిగా అంటించి ఇచ్చాను.

వానలు మొదలైనాయి. ఫాల్గుణంలో అడవి అంటుకుని కాలిన వాలు మీద గడ్డి లేచింది, ఇప్పచెట్లు కొన్ని చిగురు వేశాయి. ఇండ్లకు ఏమీ కాలేదని నీకు తెలుసు. కానీ మైసమ్మ తల్లి ఆకుల గుడిసె పోయింది, అందులో పెట్టిన డప్పులు పోయాయి. అంతకన్నా పెద్ద కష్టం, అగ్గి తర్వాత మన పెంటలో ఎవరూ పాట ఎత్తలేదు. ముసలి సాయమ్మ కూడా నోరు కట్టుకుని కూర్చుంది.

పోయిన వారం హైదరాబాదు నుంచి ఒక ట్రస్టు మేడం వచ్చింది. పేరు తేజస్విని. ఇండ్లకు, పశువులకు సర్కారు ఇస్తుంది గానీ వీళ్ళు ఇచ్చేది వేరేనట. అడవి కాలి చెదిరిన మనసులు కుదుటపడడానికి, ఆగిపోయిన పండుగలూ పాటలూ పనులూ మళ్ళీ నిలబెట్టుకోవడానికి గ్రాంటు ఇస్తారట. మా ఆయన, అదే మీ అన్న, విని, “మనసుకు గుడ పైసలిస్తరా? నా మనసుకు రెండు మేకలు రాయించు” అన్నాడు.

ఆశ్రమ పాఠశాలలో పది చదివిన పాపానికి అప్లికేషన్ నా నెత్తిన పడ్డది. మేడంకు మన పద్ధతి తెలియదు కనుక విడమర్చి రాశాను. “మా పెంటకు పడమర పెద్ద బండ ఉంది. దాని నుదుట తేనె పడుతుంది. ప్రతి వైశాఖంలో మా ఆయన గురువయ్య నారతాడుకు వేలాడుతూ దిగి తేనె కోస్తాడు. పైన తాడు పట్టేవాడు ఆయన బావమరిది, అంటే నా తమ్ముడు మంతయ్య. వేరేవాళ్ళు పట్టరాదు. అక్క పసుపు కుంకుమతో ఉండాలని కోరేవాడి చేతిలోనే ఆమె మగని ప్రాణం ఉండాలని మా పెద్దల కట్టడి. మొదటి తేనె మైసమ్మకు పెట్టాకనే మేము నోట పెడతాం. రెండు వైశాఖాలు వరుసగా తల్లికి తేనె అందకపోతే ఆ బండ మాది కాదు, అవతలి పెంటవాళ్ళది అవుతుంది. మొన్నటి వైశాఖం తప్పిపోయింది. వచ్చే వైశాఖం తప్పకూడదు.”

కావలసినవి అన్నచోట ఇట్లా రాశాను: డప్పులు, తల్లికి కొత్త ఆకుల గుడిసె, పాటలు నేర్పే ముసలివాళ్ళకు బువ్వ, బావమరిది ఒకడు.

తమ్ముడు అగ్గి ఆరిన వారంలోనే ఒక్కమాట చెప్పకుండా మీ దగ్గరికి బస్సెక్కాడు. పిల్ల చదువు కోసం నువ్వు అక్కడ ఉన్నావు, సరే. వాడెందుకు వెనక్కి రాలేదు? “పట్నం కూలి రుచి తగిలింది, ఇంక తేనె రుచి ఏం కావాలె” అంటున్నాడు మీ అన్న. నేను నమ్మను. నువ్వు అడుగు.

ఈరోజు ఒక్కపొద్దు. పొయ్యి దగ్గర పని లేక ఇంత పొడుగు రాశాను.

నీ వదిన
లింగమ్మ

*

గద్వాల
4 జూలై 2024

వదినా, దండాలు.

ఉత్తరం అందింది. జంగయ్య విప్పి సూడలే, జిగురు జిగురు లెక్కనే ఉన్నది. మేం మంచిగనే ఉన్నం. మీ తమ్ముడు పత్తి విత్తనాల గోదాముల వాచ్‌మెన్. నేను పొద్దుగాల షేరాటో ఎక్కి ధరూర్ దిక్కు చేన్లకు పోత. సింధూజ నర్సింగు చదువుల పడి మమ్ముల మర్చింది. మంగళవారం జమ్ములమ్మకు పోయి నీ పేరు మీద గుడ కొబ్బరికాయ కొట్టిన.

నువ్వు చెప్పినట్టు అడిగిన. అడిగితే “ఆయననే అడుగు” అంటడు. ఆయనెవరయ్యా అంటే “మా అక్క మొగడు” అంటడు. బావ అనే మాట నోటికి వస్తలేదు వదినా! ఇంక జర గెలికితే ఇంత కక్కిండు. అగ్గి పుట్టినదానికి ముందురోజు తేనె ఎంత పట్టిందో సూసేటందుకు బండ మీదికి పోయింది మీ తమ్ముడొక్కడే గద. “ఈగలకు పెట్టే పొగ ఎవరు తీసుకపోయిన్రు అని ఫారెస్టోళ్ళు అడుగుతుంటే, మా వాడు గట్ల చేసేటోడు కాదు అని ఒక్క మాట అనాలె గద. నోట్ల బెల్లంగడ్డ పెట్టుకొని నిలవడ్డడు” అన్నడు. పొగ గిట్ల ఏం తీసుకపోలేదట. ఉత్తచేతులతోని పోయి ఉత్తచేతులతోని వచ్చిన అంటడు. నేను నమ్ముత.

అన్న నిజంగ అనుమానపడ్డడా? సూటిగ అడుగు. నువ్వు సూటిగ అడగవని నాకు ఎరుకే. దేవునికి దీపం పెట్టి, ఆయనకు చాయ్ ఇచ్చి, వాన గురించి రెండు మాటలు అడిగి లేస్తవ్.

కావలసినవిల బావమరిది అని రాసినవా? అది చదివి వినిపిస్తే గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. భుజాలు ఊగుతుండె. నవ్విండో ఏడ్చిండో తెల్వదు.

ఆటో హారన్ కొడుతుండు, ఉంట.
ఈదమ్మ

*

గుండ్లబండ పెంట
5 ఆగస్టు 2024

ఈదమ్మా,

నువ్వన్నట్టే అయింది. దీపం పెట్టాను, చాయ్ ఇచ్చాను, వాన గురించి అడిగాను. కానీ ఈసారి లేవలేదు. “ఆనాడు ఫారెస్టు వాళ్ళ ముందు ఎందుకు మాట్లాడలేదు?” అని అడిగాను. మీ అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, “మంతడు మంచోడు అంటే, మంతడెవరు అంటరు. పేరు రాసుకుంటరు. నోరు మూసుకుంటే ఎల్లిపోతరు. ఎల్లిపోయిన్రు గద” అన్నాడు. ఆ మాట వాడికి చెప్పొచ్చు కదా అంటే, “వాడు అడిగితే గద” అన్నాడు. వీళ్ళిద్దరి నోళ్ళు ఒకే కొయ్యతో చేసినట్టున్నాడు దేవుడు. ఈ సంగతి తమ్ముడికి తప్పకుండా చెప్పు.

ఇక గ్రాంటు. తేజస్విని మేడం మళ్ళీ వచ్చింది. ట్రస్టు పెద్దలకు మన అప్లికేషన్ నచ్చిందట. డప్పులకు ఒప్పుకున్నారు, పాటలకు ఒప్పుకున్నారు. తల్లికి మాత్రం ఆకుల గుడిసె వద్దు, టైల్స్ వేసి సిమెంటు గుడి కట్టిస్తాం అన్నారు. నాకు ఎదురు చెప్పడం రాదు. అయినా నెమ్మదిగా చెప్పాను. “అమ్మా, మా తల్లి ఏటేటా కొత్త ఆకుల కింద కూర్చునే మనిషి. సిమెంటులో కూర్చోబెడితే ఉక్కపోస్తుంది. ఉక్కపోస్తే ఎవరి మీద కోపం తీసుకుంటుందో మేం చెప్పలేం.” మేడం నవ్వి రాసుకుంది.

బావమరిది దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. తాడు పట్టడం తెలిసిన మనిషి కావాలని పెద్దలకు అర్థమైందట. వనపర్తి నుంచి మహిపాల్ అని కొండలెక్కడం నేర్పే అబ్బాయిని, నైలాన్ తాళ్ళనూ ట్రస్టు ఖర్చుతోనే పంపిస్తున్నారు. అది కాదమ్మా అని చెప్పబోయాను. అంతలో మీ అన్న, “పంపనియ్యి. నైలాన్ బామ్మర్ది అలుగడు” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శ్రావణమాసం వచ్చింది. పిల్లను శుక్రవారం తలంటు పోసుకోమను.

లింగమ్మ

*

గద్వాల
14 ఆగస్టు 2024

వదినా,

నైలాన్ బామ్మర్ది మాట ఎందుకు రాసినవ్ తల్లీ! నేను చదువుతనే నవ్విన, ఆపుకోలేకపోయిన. ఆయన నవ్వలే. కంచం నెట్టి బయటికి పోయి గోదాము గేటుకు తాళం వేసి తీసి, వేసి తీసి చేస్తుండు.

ఫారెస్టోళ్ళ ముందు అన్న ఎందుకు ఊకున్నడో చెప్పిన. ఆ మాటకు జర మెత్తవడ్డడు. “సరే, అది ఒప్పుకుంట. కని ఇంకోటి చేసిండు గద, దానికేమంటడు?” అన్నడు. ఏంది ఆ ఇంకోటి అంటే చెప్పడు. “ఆయనకు ఎరుకే” అంటడు. మొగోళ్ళ ముచ్చట్లు పొడుపుకథల లెక్కుంటయి, విప్పుకుంట కూసునేటందుకు నాకు తీరిక లేదు. ఇగ రేపటిసంది విత్తనాల కోసం పత్తి పూలు అంటిచ్చే క్రాసింగ్ పని మొదలు.

రాఖీ పున్నం వస్తుంది. జల్ది ఒక రాఖీ పోస్టుల పంపు. అక్క రాఖీ చేతికి పడితే కరుగుతడు.

ఈదమ్మ

*

గుండ్లబండ పెంట
25 ఆగస్టు 2024

ఈదమ్మా,

రాఖీ పున్నం దాటాక నీ ఉత్తరం నాకు చేరింది. వాగు వచ్చి రేషన్ బండి ఆగిపోయింది. ఇంతలో ఇక్కడ ఒక పని జరిగిపోయింది. తప్పో ఒప్పో నువ్వే చెప్పు.

సరిగ్గా పున్నం నాడే తేజస్విని మేడం మహిపాల్‌ను తీసుకొచ్చింది. మంచి అబ్బాయి, పెద్దవాళ్ళంటే మర్యాద ఉంది. ఎర్రటి తాళ్ళు, ఇనుప కొక్కేలు, నెత్తికి టోపీ తెచ్చాడు. ఒకసారి దిగి చూద్దామని అందరం బండ మీదికి పోయాం. మీ అన్న నైలాన్ తాడును గుంజి చూసి “గట్టిదే” అన్నాడు. తర్వాత మహిపాల్‌ను కిందికీ పైకీ చూశాడు.

“అయ్యా, నువ్వు నా పెండ్లానికి ఏమైతవు?”

“ఏం కాను సార్.”

“మరి నేను కిందవడితే నీకేం నష్టం?”

“పడరు సార్. నాకు సర్టిఫికెట్ ఉంది.”

“నేను పోతే సర్టిఫికెట్ ఏడుస్తదా?”

పాపం, ఆ అబ్బాయి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మేడం మొహం చిన్నబోయింది. ఇంత దూరం తెచ్చింది, పెద్దలకు ఏమని చెప్తుంది? అప్పుడు సాయమ్మ ముసలిది, “ఈ దినం రాఖీ పున్నమే గద. ఆమెతోని కట్టిపియ్యరాదు, తమ్ముడైతడు” అన్నది. మేడం వెంటనే తన సంచిలోంచి రాఖీ తీసి నా చేతిలో పెట్టింది. ఇంటికి వచ్చినవాడి చెయ్యి ఖాళీగా పంపకూడదు కదా, మైసమ్మను తలుచుకుని కట్టాను.

మీ అన్న తల ఊపాడు. “ఇప్పుడు బామ్మర్దివే, కాదనను. కని కొత్త బామ్మర్దికి మొదటి యేడే పానం అప్పజెప్పుతరా? జర మనిషిని సూడాలె గద” అని కిందికి నడిచాడు. మహిపాల్ కూడా పడీ పడీ నవ్వాడు. ఇంట్లో జొన్నగడక తాగి వనపర్తి వెళ్ళిపోయాడు.

నాకు ఒకటి అర్థమైంది. మీ అన్న నైలాన్ అన్నదంతా నోటి మాటే. తమ్ముడు తప్ప ఎవరు పట్టినా ఈయన దిగడు. దిగకపోతే వైశాఖం తప్పుతుంది, బండ పోతుంది.

తమ్ముడికి రాఖీ ఇందులోనే పెట్టాను. ఆలస్యమైనా కట్టుకోమను.

లింగమ్మ

*

గద్వాల
16 సెప్టెంబరు 2024

వదినా,

నువ్వు రాఖీ పంపలే, బాంబు పంపినవ్!

మహిపాల్ ముచ్చట చదువుతుంటే మీ తమ్ముడు లేచి నిలవడ్డడు. “మా అక్క నేను సచ్చిన్ననుకున్నదా? ఎవనికో కట్టి, మిగిలింది నాకు పంపిందా?” అని ఒకటే లొల్లి. పక్కింటోళ్ళు వచ్చి “ఏమైంది, పరేషాన్ ఉన్నరు” అని అడిగిన్రు. అట్ల లొల్లి చేసుకుంటనే నీ రాఖీ తీసి తానే ఎడమ చేత్తోని కట్టుకుంటుండు. ముడి వడ్తలేదు, పండ్లతోని గుంజుతుండు. నేను కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన.

ఆ కోపంల అసలు సంగతి బయటవడ్డది. విను.

మన తాన తాడు ఎవరింట్ల ఉంటది? పట్టేటోని ఇంట్ల. బావ వచ్చి తాడు తీసుకపోయిండంటే, ఇంక నీ చెయ్యి నమ్మను అన్నట్టే. దీనికి వేరే మాటలు అక్కర్లేదు. అగ్గి నాడు మీ తమ్ముడు దినమంత గుట్ట మీద పచ్చికొమ్మలతోని మంట కొట్టి, మొఖం మసిబొగ్గు చేసుకొని ఇంటికి వచ్చిండట. ఇల్లు ఇల్లు లెక్కనే ఉన్నది. గింజలున్నయి, గొంగడున్నది, కుండలున్నయి. గోడ గూటానికి తాడు లేదు. సూస్తే మీ ఇంట్ల, అన్న మంచం పైన ఏలాడుతున్నది.

“నేను అగ్గి పెట్టిన అనుకున్నడు. అందుకే తాడు తీసుకున్నడు. నోటితోని అనలేక చేత్తోని చెప్పిండు” అంటడు. ఇన్ని నెలలు ఆ మాట కడుపుల పెట్టుకొని గోదాము కాస్తుండు వదినా.

అన్న గట్ల ఎందుకు చేసిండు? ఈసారి చాయ్ ఇయ్యకు. సీదా అడుగు.

ఈదమ్మ

*

గుండ్లబండ పెంట
30 సెప్టెంబరు 2024

ఈదమ్మా,

చాయ్ ఇవ్వలేదు. బువ్వ ముందు కూర్చున్న మనిషికి నీ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివాను. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“గాలి తిరగకముందు మంట వాని ఇంటి మీదికే వస్తుండె. ఇల్లు పోతే ఇంకోటి కట్టుకుంటం. గింజలు పోతే అడుక్కుంటం. తాడు పోతే వాని చెయ్యి పోయినట్టే గద. అందుకే ఉరికి ముందుగాల అదే గుంజుకొచ్చిన. మల్ల గాలి తిరిగింది, ఇల్లు మిగిలింది” అన్నాడు.

“మరి తిరిగి ఎందుకు ఇవ్వలేదు?”

“వాడు వచ్చి అడిగితే ఇద్దామనుకున్న. వాడు రాలే. మల్ల పట్నం పోయిండు.”

అగ్గి నాడు నేను పిల్లలనూ ముసలివాళ్ళనూ వాగు దగ్గరికి చేర్చే పనిలో ఉన్నాను. తాడు మా ఇంట్లో వేలాడుతుంటే తమ్ముడే ఇచ్చి పోయాడనుకున్నాను. ముగ్గురం మూడు రకాలుగా అనుకుని ఒక్కరం కూడా నోరు తెరిచి అడగలేదు.

మీ అన్న ముద్ద కంచంలో పెట్టి చెయ్యి కడుక్కుని, “దసరా పోనియ్యి, గద్వాల పోత. తాడు వాని ఇంట్లనే ఉండాలె” అన్నాడు. మన్ననూరు దాటి ఒంటరిగా బస్సెక్కిన మనిషి కాదు. లింగమయ్యకు మొక్కుకున్నాను. గద్వాల బస్టాండులో దిగి ఎవరిని అడగాలో ఒక చీటీ మీద రాసి ఇస్తున్నాను.

లింగమ్మ

*

గద్వాల
23 అక్టోబరు 2024

వదినా,

అన్న వచ్చి పోయిండు. క్షేమంగ చేరిండని తలుస్త.

తాడు భుజం మీద ఏసుకొని, పెద్దపామును మోసినట్టు నడుచుకుంట వచ్చిండు. కండక్టరు లగేజీ టికెట్ కొట్టిండట. “మనిషి పానానికి లగేజేందయ్యా” అని అన్న కొట్లాడిండట. ఆ మాట మాకు చెప్పలే, సింధూజకు చెప్పిండు. పిల్లతోని అయితే మంచిగ మాట్లాడుతడు.

ఇంక మొగోళ్ళిద్దరూ మాట్లాడిన మాటలన్నీ రాస్తున్న, ఒక్కటి గుడ ఇడవకుండ.

“వచ్చినవా?”

“వచ్చిన.”

“వానలు?”

“పడ్డయి.”

అంతే! నీ రోగం అందరికీ అంటింది. జొన్నరొట్టె, గోంగూర పెట్టిన. తిన్నరు. మా ఇంట్ల గోడకు సెల్ చార్జరు ఏలాడే మేకు ఉంది. అన్న చార్జరు తీసి సింధూజకు ఇచ్చి, తాడు ఆ మేకుకు తగిలించిండు. తగిలించి రెండడుగులు ఎనక్కి నడిచి సూసిండు. మల్ల తెల్లారి బస్సుకు పోయిండు. మంట, గాలి సంగతి నేనే చెప్పిన. మీ తమ్ముడు తాడును మోకాళ్ళ మీద పెట్టుకొని ఇన్నడు.

నేను అంతా అయిపోయింది అనుకున్న. ఎక్కడిది! “తాడు సంగతి ఒప్పుకుంట. కని నేను అగ్గి పెట్టలేదని ఆయన నమ్ముతుండో లేదో నోటితోని అనలే. అది ఇనకుండ నేను తాడు పట్ట. పట్టేటోని మనసుల ముల్లుంటే చెయ్యి జారుతది. అక్క మంచికే చెప్తున్న” అన్నడు.

ఒక్క మాట వదినా. అన్నతోని ఒక్క మాట అనిపియ్యి.

ఈదమ్మ

*

గుండ్లబండ పెంట
28 ఫిబ్రవరి 2025

ఈదమ్మా,

శివరాత్రి జాగారం చేసి కండ్లు మండుతున్నాయి. అయినా శుభవార్త ఆపుకోలేక రాస్తున్నాను. గ్రాంటు వచ్చింది! డప్పులు కొత్త తోలుతో వచ్చాయి. తల్లికి ఆకుల గుడిసే ఖాయం, సిమెంటు మాట మళ్ళీ ఎత్తలేదు. వైశాఖంలో మొదటి తేనె నాడు ట్రస్టు పెద్దలు స్వయంగా చూడడానికి వస్తారట.

పోయిన వారం మేడం, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ వచ్చి అందరినీ కూర్చోబెట్టారు. మనసు బరువు దింపుకోవడానికట. అగ్గి నాడు మీకు కనపడినదేదో బొమ్మ వేయండి అని రంగులు ఇచ్చారు. మొదట అందరికీ సిగ్గు. తర్వాత ఎవరూ తలెత్తలేదు. నేను వాగు వేశాను. చాలామంది వేస్తూ ఏడ్చారు, ఏడ్చాక తేలికపడ్డారు. సాయమ్మ బొమ్మ వేయనన్నది. “నాకు రాత రాదు, పాటొస్తది” అని గొంతు ఎత్తింది. అడవి కాలిన తర్వాత పెంటలో మొదటి పాట. కొత్త డప్పు ఎవరు అందుకున్నారో కూడా గమనించలేదు.

మీ అన్న కాగితం చూశాను. గుట్ట మీద ఒక మనిషి, చేతిలో పచ్చికొమ్మ, ఎదురుగా మంట. మనిషి చిన్నవాడే, చేతులు మాత్రం చెట్టంత. మేడం “ఇదెవరు?” అని అడిగింది. అందరం అటే చూస్తున్నాం. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. మీ అన్న లేచి, “మేకలు ఎటో పోయినయ్” అని వెళ్ళిపోయాడు. మాకు మేకలు లేవు.

ఆ ఒక్క మాట కోసం నేనూ అడిగాను. “అంత మాట అడిగి చెప్పించుకోవాల్నా? తాడు మోసుకపోలేదా?” అంటాడు. ఆయనకు అదే మాట. తమ్ముడికి అది మాట కాదు. మధ్యలో నేను దీపాలు పెడుతున్నాను.

ఏడాదిగా వాడక పాత తాడు పెళుసుబారిందని మీ అన్న అన్నాడు. కొత్త నార కట్ట పంపుతున్నాను. పేనడం తమ్ముడి ఇష్టం.

లింగమ్మ

*

గద్వాల
22 ఏప్రిల్ 2025

వదినా,

నార అందింది. ఉత్తరం చదివిన. అన్న వేసిన బొమ్మ సంగతి చదివేటప్పుడు ఈయన “చేతులు ఎంత ఉన్నయన్నవ్?” అని రెండుసార్లు అడిగిండు.

తెల్లారి లేచి సూస్తే గోదాము గేటుకు నార కట్టి పేనుతుండు. లారీ వచ్చి హారన్ కొడితే “జర ఆగు, పురి ఇడిపోతది” అంటడు. సేటు గుడ వచ్చి సూసి, ఏమనలేక పోయిండు. ఇప్పుడు కొత్త తాడు తయారైంది. నేను పట్టి గుంజిన, సింధూజ గుంజింది, లారీ డ్రైవరు గుడ గుంజిండు.

బుధవారం బస్సుకు పంపిస్తున్న. “వస్త గని, తాడు పడతనో లేదో అక్కడికి పోయినంక సూస్త” అంటుండు. పడితే అమ్మ దయ. పట్టకపోతే బండ పాయె, పోయినట్టే. నేను వద్దామనుకున్న గని సింధూజకు పరీక్షలున్నయి, పిల్లను ఒక్కదాన్ని ఇడిచి రాలేను. అక్కడ ఏం జరిగిందో ఒక్క ముచ్చట ఇడవకుండ రాయి.

ఈదమ్మ

*

గుండ్లబండ పెంట
9 మే 2025, శుక్రవారం

ఈదమ్మా,

తల్లికి తేనె అందింది. ముందు ఆ మాట చదువుకుని దండం పెట్టుకో, తర్వాత మిగతాది చదువు.

తమ్ముడు వచ్చి రెండు వారాలు ఇక్కడే ఉన్నాడు. ఆకుల గుడిసె కట్టడంలో చెయ్యి వేశాడు, డప్పు కాచాడు, సాయమ్మకు కట్టెలు కొట్టి ఇచ్చాడు. బావతో మాత్రం వానల గురించి కూడా మాట్లాడలేదు. ఎండాకాలం కదా, ఆ దారీ లేదు.

నిన్న పొద్దుగాలనే అందరం బండ మీద చేరాం. తేజస్విని మేడం, ట్రస్టు పెద్దలు నలుగురు, మహిపాల్ కూడా వచ్చారు. పొగ పెడతాం కనుక జంగయ్య, ఇంకో ఇద్దరు నీళ్ళ డబ్బాలతో నిలబడ్డారు. నేను పసుపూ కుంకుమా పెట్టిన కొబ్బరికాయ కొట్టాను. మీ అన్న తాడు నడుముకు కట్టుకున్నాడు, బుట్ట తగిలించుకున్నాడు. తమ్ముడు ఏం చేస్తాడో అని అందరి కండ్లూ వాడి మీదే. వాడు ఏమీ అనకుండా వచ్చి, బండ నెర్రెలో మడమలు తన్ని కూర్చుని, తాడు పట్టాడు. నాకు కండ్ల నీళ్ళు వచ్చాయి. ఒక్క మాట పట్టింపు వదిలేశాడు అనుకున్నాను.

వదిలేయలేదు.

మీ అన్న సగం దాకా దిగాడు. పొగ వేశాడు. సరిగ్గా తేనెపట్టు ఎదురుగా ఉన్నప్పుడు తాడు ఆగిపోయింది. చిక్కుపడిందేమో అని మహిపాల్ ముందుకు వచ్చాడు. తమ్ముడు వాడిని మోచేత్తో ఆపి, అంచు మీదికి వంగి అరిచాడు.

“బావా! జర ఆగు, ఒక్క మాట అడుగుత.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. పైకొచ్చినంక నువ్వు లేని మేకల కోసం పోతవ్.”

“అడుగురా బిరాన, ఈగలు లేస్తున్నయ్!”

“ఆ అగ్గి నేను పెట్టిన్ననుకుంటున్నవా, లేదా? నోటితోని చెప్పు.”

ట్రస్టు పెద్దాయన మేడం చెవిలో “ఇది పూజలో భాగమా?” అని అడగడం నాకు వినపడింది. మేడం “అవును సార్, ముఖ్యమైన భాగం” అన్నది.

కిందినుంచి మీ అన్న గొంతు వచ్చింది. ఇన్నేండ్ల కాపురంలో ఆ గొంతు అంత గట్టిగా నేను వినలేదు.

“ఓరి పిచ్చి నాయాలా! అట్ల అనుకునేటోన్నైతే నీ చేతికింద ఎందుకు ఏలాడుతరా?”

ఎదురు గుట్ట ఆ మాటను మళ్ళీ అన్నది. నీళ్ళ డబ్బా పట్టుకున్న జంగయ్య విన్నాడు, ఆనాడు పొగ గురించి అడిగిన ఫారెస్టు వాళ్ళలో ఒకాయన కూడా అక్కడే ఉన్నాడు, ఆయనా విన్నాడు. నేను తమ్ముడి మొహం చూశాను. చిన్నప్పుడు ఇప్పపూలు ఏరుకొచ్చి నా ఒళ్ళో పోసినప్పుడు ఉండే మొహం.

“ఇంకోపారి అను బావా, గాలికి సరిగ్గ ఇనరాలే.”

“లాగురా ముందు, కరుస్తున్నయ్!”

లాగాడు. తేనె కోయకుండా పైకి వచ్చిన మీ అన్న కనుబొమ్మ ఇంత వాచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మీ అన్న “మల్ల దింపు” అన్నాడు. తమ్ముడు మల్ల దింపాడు. ఈసారి ఒక్క మాట లేదు, ఒక్క గుంజు లేదు. బుట్ట నిండా తేనె వచ్చింది. కొత్త ఆకుల గుడిసెలో తల్లి ముందు దొన్నె పెట్టాను, సాయమ్మ పాట ఎత్తింది. పెంట మొత్తం అందుకుంది. ట్రస్టు పెద్దాయన తేనె నాకి, మూతి తుడుచుకోవడం మరిచి ఆ పాట వింటూ కూర్చున్నాడు.

మీకు ఒక సీసా పంపుతున్నాను. పరీక్షలయ్యాక పిల్లకు పరగడుపున ఇవ్వు.

ఇప్పుడు బావా బామ్మర్దీ నా ఎదురుగా ఒకే మంచం మీద కూర్చుని ఒకరి మొహం నుంచి ఒకరు ఇంకా మిగిలిన ఈగల ముండ్లు తీసుకుంటున్నారు. పెంట పడమటి అంచున తమ్ముడి ఇంటి తలుపు తెరిచి ఉంది, పొద్దున వాడే ఊడ్చుకున్నాడు. గద్వాల బస్సు ఎన్ని గంటలకని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.

నీ వదిన
లింగమ్మ